భీమిలిలో రెండు రాత్రులు: బస అక్కడే, సముద్ర స్నానం మాత్రం అక్కడ వద్దు

మీ ప్రశ్నలో నాలుగు ప్రశ్నలున్నాయి. హైదరాబాద్ నుంచి వెళ్ళి మూడు పగళ్ళు, రెండు రాత్రులు గడపడానికి విశాఖ పక్కనున్న భీమిలి (భీమునిపట్నం) సరిపోతుందా? బస విశాఖలో పెట్టుకుని భీమిలిని ఒక పూటలో చూసి రావడం మేలా, భీమిలిలోనే దిగడం మేలా? 11 ఏళ్ళ బాబు, 7 ఏళ్ళ పాప సముద్రంలో దిగవచ్చా? 68 ఏళ్ళ మీ అమ్మగారికి అక్కడ పొద్దు గడుస్తుందా? చివర్లో, వీలైతే అరకు కూడా చూసి వద్దామనుకుంటున్నామని ఒక ముక్క తగిలించారు. దాని సంగతి ముందే తేల్చేస్తాను: వద్దు. మూడు రోజుల్లో అరకునూ సముద్రాన్నీ కలిపితే మీరు చూసేది కారు కిటికీనే.

నేనెవరినంటే, 1994 నుంచి నాలుగేళ్ళు భీమిలిలో ఒక బ్యాంకు శాఖలో పనిచేశాను. ఇప్పుడు మల్కాజిగిరిలో ఉంటున్నాను. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. ఏటా చలికాలంలో ఒకసారి వెళ్ళి వస్తాను, వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒక చుట్టాన్ని వెంట తీసుకెళ్తాను. అందుకని హైదరాబాద్ వాళ్ళు అక్కడ ఏ పొరపాట్లు చేస్తారో నాకు బాగా తెలుసు. వాటిలో సగం నేనూ చేశాను.

అన్నిటికంటే పెద్ద పొరపాటు వేళ తప్పి వెళ్ళడం. విశాఖలో ఫలహారం చేసి, తొమ్మిదింటికి కారెక్కి, దారిలో రెండు మూడు చోట్ల ఆగి, పన్నెండు గంటల ఎండలో భీమిలి చేరతారు. అక్కడ ఇసుక కాలుతుంటుంది, పడవలన్నీ గట్టున పడుకుని ఉంటాయి, మనిషి కనిపించడు. నాలుగు ఫొటోలు తీసుకుని, ఏముంది ఇక్కడ అనుకుంటూ తిరిగి వస్తారు. ఆ వేళకు నిజంగానే ఏమీ ఉండదు. భీమిలిలో ఉన్నదంతా తెల్లవారుజామున ఐదింటికీ ఎనిమిదింటికీ మధ్య, మళ్ళీ సాయంత్రం నాలుగు దాటాక ఉంటుంది. ఆ రెండు వేళల్లో మీరు ఊళ్ళో ఉండాలంటే రాత్రి అక్కడే పడుకోవాలి. బస భీమిలిలోనే అని నేను గట్టిగా చెప్పడానికి కారణం అదొక్కటే. నిజానికి విశాఖలో హోటళ్ళు ఎక్కువ, తిండికి కొదవ లేదు. ఆ సౌకర్యం వదులుకుంటున్నామని తెలిసే వదులుకోండి.

ఇంకొక లెక్క కూడా ఉంది. భీమిలి మనకు ఐదు డిగ్రీల రేఖాంశం తూర్పున ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు హైదరాబాద్‌లోకంటే సుమారు 20 నిమిషాలు ముందే ఉదయిస్తాడు. ఇంట్లో లేచే అలవాటు ప్రకారం లేస్తే గదిలోంచి బయటికి వచ్చేసరికి సూర్యోదయం అయిపోయి ఉంటుంది. గోవా వెళ్ళివచ్చిన వాళ్ళు మరొకటి మర్చిపోతారు. ఇది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు కానీ సముద్రంలోకి వెళ్ళడు, వెనక కొండల చాటుకు వెళ్ళిపోతాడు. పిల్లలకు సముద్రంలో సూర్యాస్తమయం చూపిస్తానని మాట ఇచ్చి ఉంటే ఇప్పుడే వెనక్కు తీసుకోండి. దానికి బదులు పౌర్ణమి నాటికి అక్కడ ఉండేలా తేదీలు చూసుకోండి. పొద్దు అటు కొండల్లోకి దిగుతుండగా ఇటు నీళ్ళలోంచి చంద్రుడు ఎర్రగా పైకి వస్తాడు. నా మాట నమ్మి అలా వెళ్ళిన వాళ్ళెవరూ ఇంతవరకు నన్ను తిట్టలేదు.

ఎప్పుడు వెళ్ళాలి? దసరా సెలవులా, జనవరా అని అడిగారు. జనవరి, అది కూడా సంక్రాంతి రద్దీ తగ్గాక. అక్టోబరు, నవంబరు బంగాళాఖాతంలో తుపానుల కాలం. 2014లో హుద్‌హుద్ విశాఖ మీదికి వచ్చింది అక్టోబరు 12న. ఏటా అలా జరుగుతుందని కాదు. మూడు రోజుల సెలవు పెట్టుకుని వెళ్ళి గదిలో కూర్చుని వాన చూడటం ఎందుకు? సంక్రాంతి ముందు హైదరాబాద్ మొత్తం కోస్తాకు కదులుతుంది, టికెట్ దొరకదు. ఇప్పుడు రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తున్నారు. ఆ రోజు పొద్దునే కూర్చోండి. వేసవిలో మాత్రం వెళ్ళకండి. అక్కడ ఉష్ణోగ్రత అంకె మన నగరం కంటే తక్కువే ఉంటుంది, ఆ అంకె చూసి మోసపోతారు. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. మన పొడి ఎండకు అలవాటు పడిన వాళ్ళు మధ్యాహ్నం రెండింటికల్లా నీరసపడిపోతారు. మీ అమ్మగారికి అది మరీ కష్టం. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరపడవల మీద వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ 61 రోజులు ఆపుతారు. ఆ రోజుల్లో రేవు బోసిగా ఉంటుంది.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పను. గోదావరి ఎక్స్‌ప్రెస్ మీలాంటి వాళ్ళకు సరిపోతుంది. సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి విశాఖ. వందే భారత్ వేగంగా వెళ్తుంది కానీ సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం బయలుదేరేది విశాఖ చేరేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది. పిల్లలతో, పెద్దావిడతో ఆ వేళప్పుడు ఇంకో 30 కిలోమీటర్లు వెళ్ళడం ఎందుకు? స్టేషన్ నుంచి భీమిలికి రెండు దారులు. ఒకటి బీచ్ రోడ్డు, రెండోది మధురవాడ, ఆనందపురం, తగరపువలస మీదుగా పెద్ద రోడ్డు. కారు మాట్లాడుకునేటప్పుడే బీచ్ రోడ్డు మీదుగా అని స్పష్టంగా చెప్పండి. చెప్పకపోతే డ్రైవరు తనకు అలవాటైన దారిన పోతాడు, మీకు సముద్రం బదులు లారీలు కనిపిస్తాయి. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి సిటీ బస్సులు కూడా ఉన్నాయి. సామాను తక్కువైతే బస్సులో సముద్రం వైపు కిటికీ పక్కన కూర్చుని వెళ్ళడం నాకు ఇప్పటికీ ఇష్టం. భీమిలి వెళ్ళేటప్పుడు అది కుడివైపు.

గదుల గురించి ఒక హెచ్చరిక. ‘సముద్రం కనిపించే గది’ అన్న మాటను నమ్మకండి. ఒకసారి మా అక్కావాళ్ళ కోసం అలాంటిదొకటి ఫోనులో మాట్లాడి పెట్టాను. తీరా వెళ్ళి చూస్తే కిటికీకి ఎదురుగా పక్క మేడ నీళ్ళ ట్యాంకు. స్నానాలగది మూలన ఉన్న చిన్న కిటికీలోంచి, బకెట్ తిరగేసి దాని మీదెక్కి నిలబడితే, నిజమే, అరచెయ్యంత సముద్రం కనిపించింది. మా బావగారు ఆ రెండు రోజులూ పొద్దున లేవగానే బకెట్ ఎక్కేవారు. అందుకని ఆ గదిలోంచే వీడియో తీసి పంపమని అడగండి. మెట్లు ఎన్ని ఉన్నాయో, జనరేటర్ ఉందో లేదో కూడా అడగండి.

ఇక అసలు సంగతి, స్నానం. ఇక్కడ కొంచెం కఠినంగా మాట్లాడతాను. భీమిలి సముద్రంలో పిల్లలను చీలమండ దాటి దించకండి. మీరు కూడా మోకాలు దాటి వెళ్ళకండి.

అల వచ్చి ఒడ్డున విరుగుతుంది. ఆ నీరు తిరిగి వెళ్ళాలి కదా? అడుగున ఇసుకతిన్నెల మధ్య ఎక్కడ పల్లం ఉంటే అక్కడికి చేరి, కాలువలా కూడి, వేగంగా లోపలికి పోతుంది. పైనుంచి చూస్తే ఆ చోట అలలు విరగవు, నీరు నిదానంగా ఉన్నట్టు కనిపిస్తుంది. హుస్సేన్ సాగర్ చూసి పెరిగిన మన కళ్ళకు అది భద్రమైన చోటుగా తోస్తుంది, సరిగ్గా అక్కడే దిగుతాం. పైగా భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. నదీ ముఖం దగ్గర ఇసుక మేటలు ఒక చోట ఉండవు, నిన్న మోకాలి లోతున్నది ఇవాళ నిలువెత్తు ఉండవచ్చు. ఆటు సమయంలో నది నీరు, సముద్రపు నీరు కలిసి బయటికి లాగుతాయి. 1996లో మా బావమరిది, నల్గొండలో దిగుడు బావుల్లో ఈత నేర్చినవాడు, నేను చూస్తుండగానే నిమిషంలో అరవై గజాలు లోపలికి పోయాడు. ఒడ్డు వైపు ఈదుతూనే ఉన్నాడు, దూరం పెరుగుతూనే ఉంది. వల ఆరబెట్టుకుంటున్న ఇద్దరు జాలరులు తెప్ప వేసుకుని వెళ్ళి జుట్టు పట్టి తెచ్చారు. వాళ్ళలో పెద్దాయన నాతో అన్న మాట ఇది: “బాబూ, నీరు లాగుతున్నప్పుడు దానికి ఎదురు ఈదకూడదు. పక్కకు ఈదాలి, గట్టు వెంట. లాగుడు దాటాక ఒడ్డుకు రావాలి.” తర్వాత నేను చదివిన ప్రతి పుస్తకంలోనూ ఇదే ఉంది. ఆయన పుస్తకం చదవలేదు.

స్నానం చేయకుండా పిల్లలు ఊరుకోరంటే, వచ్చే దారిలో రుషికొండ దగ్గర ఆగండి. శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు ‘బ్లూఫ్లాగ్’ను 2020లో పొందిన బీచ్ అది. స్నానానికి హద్దు గీసిన చోటు, కాపలా మనుషులు, బట్టలు మార్చుకునే గదులు ఉంటాయి. కాపలా వాళ్ళు ఉన్న వేళల్లో, వాళ్ళు చూపించిన హద్దులోపల మాత్రమే. మొదటి రోజు పొద్దునే అక్కడ ఒక గంట ఆడించి, తడిపి, ఆ సరదా తీర్చి భీమిలికి తీసుకెళ్తే తర్వాత రెండు రోజులూ మీకు ఆ గొడవ ఉండదు.

నీళ్ళలోకి దిగకుండా పిల్లలు భీమిలిలో ఏం చేస్తారని అడుగుతారు. ఒక గట్టి అయస్కాంతం తీసుకెళ్ళండి. ఒడ్డున ఇసుకలో నల్లని చారలు కనిపిస్తాయి. చాలామంది అది మురికి అనుకుంటారు. అది బరువైన ఖనిజాల ఇసుక: ఇల్మనైట్, మాగ్నటైట్, గార్నెట్ లాంటివి. అల తేలిక ఇసుకను తీసుకుపోయి బరువైనదాన్ని చారలుగా వదిలేస్తుంది. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఆ చార మీద తిప్పితే నల్లని రేణువులు మీసాల్లా లేచి అంటుకుంటాయి. కవరులో పెట్టకపోతే వాటిని వదిలించడానికి ఆ సెలవంతా సరిపోదు. ఇది అనుభవం.

ఇప్పుడు తెల్లవారుజాము. ఐదున్నరకల్లా ఒడ్డున ఉండండి. అదృష్టం బాగుంటే ‘అలివి వల’ లాగడం చూస్తారు. పడవ ఒకటి వల తాడు ఒక కొసను ఒడ్డున వదిలి, లోపలికి వెళ్ళి అర్ధచంద్రంగా వల దింపుకుంటూ తిరిగి, రెండో కొసను దూరంగా ఒడ్డుకు తెస్తుంది. తర్వాత రెండు జట్లు ఆ రెండు తాళ్ళను పట్టుకుని లాగుతాయి. తాడును చేతులతో కాదు, నడుముతో లాగుతారు. నడుముకు కట్టుకున్న పట్టీని తాడుకు మెలివేసి, ఒళ్ళంతా వెనక్కు వాల్చి, ఒక్కొక్క అడుగు వెనక్కు వేస్తారు. వరుస చివరికి చేరిన మనిషి పట్టీ విప్పుకుని మళ్ళీ నీటి అంచుకు వచ్చి కట్టుకుంటాడు. అలా గంట, గంటన్నర. రెండు జట్లూ మెల్లగా దగ్గరవుతాయి. సంచి లాంటి వల చివర ఒడ్డు చేరేసరికి కాకులు, గద్దలు, కుక్కలు, బుట్టలతో ఆడవాళ్ళు అందరూ అక్కడే.

పోయిన జనవరిలో మా మనవడు అడిగి తాడు పట్టుకున్నాడు. పది నిమిషాలకే అరచేతులు ఎర్రబడ్డాయి, కానీ వదల్లేదు. సంచి విప్పితే మెరిసే నెత్తళ్ళు, కవ్వళ్ళు, నాలుగైదు కానాగంతలు, పక్కలకు పరుగెత్తే పీతపిల్లలు, రెండు జెల్లీ చేపలు, ఒక చెప్పు, శీతల పానీయం సీసాలు. గంటన్నర పనికి అంతే. వాడు తెల్లబోయి చూస్తుంటే ఒకావిడ రెండు గుప్పెళ్ళ నెత్తళ్ళు కాగితంలో పోసి వాడి చేతిలో పెట్టింది. నేను డబ్బు తీయబోతే, “అది వాడి వాటా బాబూ, మీది కాదు” అంది. మీరు కూడా అడిగి పట్టుకోండి, అడగకుండా పట్టుకోకండి. ఫొటో కూడా అంతే. జెల్లీ చేపలను, ఒడ్డున చచ్చి పడి ఉన్నా సరే, పిల్లలను ముట్టుకోనివ్వకండి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రుళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. కనిపిస్తే ఫోను దీపం వేయకుండా దూరంగా నిలబడండి.

చేపలు కొనాలంటే ఆ పొద్దుటి పూటే. కళ్ళు ఉబ్బి నిగనిగలాడాలి, మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే లేవాలి. వంజరం, చందువా అని పేర్లు చెప్పి అడిగితే మీరు ఊరికి కొత్త అని తెలిసిపోతుంది. ఇవాళ ఏం పడ్డాయని అడగండి. బేరం ఆడండి కానీ హైదరాబాద్‌లో తూకం ధర చెప్పి పోల్చకండి, వాళ్ళకు నవ్వొస్తుంది. గది దగ్గర వండిపెట్టే ఏర్పాటు ఉందో లేదో రాత్రే కనుక్కుని పెట్టుకోవాలి. మీ అమ్మగారు చేప ముట్టరని రాశారు. శాకాహార భోజనానికి ఊళ్ళో చిన్న హోటళ్ళున్నాయి కానీ మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటితే సాంబారు అడుగంటుతుంది. సాయంత్రం మాత్రం ఒడ్డున మురీ మిక్చర్ తినాల్సిందే. మనం మరమరాలు, బొరుగులు అనేవాటినే అక్కడ మురీలు అంటారు. ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం, వేరుశెనగలు వేసి కాగితం పొట్లంలో ఇస్తారు. చలికాలం కాబట్టి తేగలు కూడా దొరుకుతాయి. కాల్చినవి కొని, నిలువునా చీల్చి మధ్యలోని చందమామను పిల్లలకు పెట్టండి.

ఎండెక్కకముందే ఊరు నడవవచ్చు. చిన్న ఊరు. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు కూడా. గంటస్తంభం, పాత లైట్‌హౌస్, సెయింట్ పీటర్స్ చర్చి, డచ్చివాళ్ళ సమాధులు, అన్నీ నడక దూరంలోనే. డచ్చివాళ్ళు 17వ శతాబ్దంలో ఇక్కడ బట్టల వ్యాపారానికి స్థిరపడ్డారు. లోపలి ఊళ్ళలో నేసిన నూలు గుడ్డ ఈ రేవునుంచి ఓడ ఎక్కేది. 1825లో కోరమాండల్ తీరంలోని తమ స్థావరాలతో పాటు దీన్నీ ఇంగ్లీషువాళ్ళకు అప్పగించి వెళ్ళిపోయారు. మిగిలింది సమాధులే. కొన్ని సూదిమొనలా పైకి లేచి, వాన నల్లబరిచిన సున్నంతో ఉంటాయి. రాళ్ళ మీద చెక్కిన డచ్చి అక్షరాలు వేలితో తడిమితే తెలుస్తాయి. వయసులు లెక్కవేసి చూడండి, ముప్ఫైలు, నలభైలు, పసిపిల్లలు. జ్వరాలు వాళ్ళను బతకనివ్వలేదు. గేటుకు తాళం ఉంటే గోడ దూకకండి. పక్కన అడిగితే తాళంచెవి ఎక్కడుందో ఎవరో ఒకరు చెబుతారు.

నాకు డచ్చివాళ్ళ కంటే ఎక్కువ ఇష్టమైన కథ గోగునారది. మనం గోంగూర అంటున్నది గోగుకూరే. ఆకు పులుసులోకి, పచ్చడిలోకి. కాండం నీళ్ళలో నానబెట్టి తీస్తే నార. ఈ రేవునుంచి ఆ నార ఎంతగా ఎగుమతి అయిందంటే వర్తకంలో దానికి ‘బిమ్లీ జనపనార’ అనే పేరు స్థిరపడింది. పరాయి దేశపు వర్తకుడికి భీమునిపట్నం అంటే గోగునార. బ్యాంకులో నా కౌంటరు ముందుకు నెలకోసారి వచ్చే పింఛనుదారుల్లో చాలామంది పక్కనున్న చిట్టివలస జూట్ మిల్లులో చేసినవాళ్ళు. పాస్‌బుక్ చాపినప్పుడు వాళ్ళ వేళ్ళ చివర్లు చూసేవాణ్ణి. నార రాపిడికి గీతలు అరిగిపోయి నునుపుగా ఉండేవి. వేలిముద్ర వేయించుకుంటే రిజిస్టరులో నల్లని మచ్చ తప్ప గీత పడేది కాదు. ఆ మిల్లు మూతపడి చాలా ఏళ్ళయింది.

ఊరి వెనక కొండ మీద నరసింహస్వామి గుడి ఉంది. ఆ కొండనే పావురాళ్ళకొండ అంటారు. ఇంకా పైకి వెళ్తే బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు, విహారాల శిథిలాలు. పై నుంచి ఊరు, నది మలుపు, సముద్రం ఒకే చూపులో కనిపిస్తాయి. బాబును తీసుకుని మీరు పొద్దునే ఎక్కండి. పాప, అమ్మగారు కింద ఉండటం మేలు. నీడ లేదు, చివర దారి సరిగా లేదు. కిందికి కనిపించే ఆ గోస్తనీ అనంతగిరి కొండల్లో బొర్రా గుహల దగ్గర పుట్టింది. గోస్తని అంటే ఆవు పొదుగు. మేస్తున్న ఆవు గుహ కన్నంలో పడిపోతే వెతుక్కుంటూ వెళ్ళిన పశువులకాపరి ఆ గుహలను చూశాడని కథ. తాటిపూడి జలాశయం దాటి ఇక్కడికి వచ్చి కలుస్తుంది. అరకు వద్దన్నానని బాధపడకండి, అక్కడి నీళ్ళు ఇక్కడికే వచ్చాయని పిల్లలకు చెప్పండి.

రెండో రోజు సాయంత్రం ఎర్రమట్టి దిబ్బలు. భీమిలికి నాలుగైదు కిలోమీటర్ల ముందు, బీచ్ రోడ్డు పక్కనే. దూరం నుంచి చూస్తే ఏదో ఎర్ర నేల అనిపిస్తుంది. లోపలికి దిగితే తెలుస్తుంది, రెండు నిలువుల ఎత్తు ఎర్రని గోడల మధ్య వంకర్లు తిరిగే సందుల్లో నడుస్తుంటారు. గోడ మీద చెయ్యి పెడితే ఇసుక రాలుతుంది. ఇది మట్టి కాదు, ఇసుకే. సముద్రమట్టం ఇప్పటికంటే బాగా కిందికి ఉన్న మంచుయుగపు రోజుల్లో బయటపడిన సముద్రపు అడుగునుంచి గాలి ఇసుకను ఎగరేసి ఇక్కడ పోసింది. వేల ఏళ్ళలో అందులోని ఇనుము తుప్పుపట్టి ప్రతి రేణువుకూ ఎర్రని పూత పూసింది. తర్వాత వాననీళ్ళు కోసుకుంటూ పోయి ఈ సందులు చేశాయి. ఇలాంటివి దక్షిణాసియాలో ఇక్కడ కాక తమిళనాడులోనూ శ్రీలంకలోనూ మాత్రమే ఉన్నాయి. దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరింది. ఇన్ని గుర్తింపులున్నా దిబ్బ అంచున నిలబడి సెల్ఫీ దిగేవాళ్ళు తగ్గలేదు. అంచు కింద బోలుగా ఉంటుంది, మనిషి బరువుకు విరుగుతుంది. మనిషికి దెబ్బ తగలడం ఒక నష్టం, వేల ఏళ్ళ అంచు పోవడం ఇంకో నష్టం. అడుగున నడవండి, పైకెక్కకండి. బూట్లు వేసుకోండి, ముళ్ళుంటాయి. నాలుగింటికి వెళ్ళి వెలుగు ఉండగానే బయటికి రండి, లోపల సందులన్నీ ఒకేలా ఉంటాయి. ఆ చుట్టుపక్కల నౌకాదళం స్థలం ఉంది. బోర్డు కనిపించిన చోట కెమెరా లోపల పెట్టేయండి.

తొట్లకొండను తిరుగు ప్రయాణానికి అట్టేపెట్టుకోండి. కారు పైదాకా వెళ్తుంది కాబట్టి అమ్మగారూ రావచ్చు. రెండువేల ఏళ్ళ నాటి బౌద్ధారామం. 1970లలో నౌకాదళం వాళ్ళు స్థలం సర్వే చేస్తుండగా బయటపడింది, 1988 నుంచి 1993 దాకా తవ్వారు. తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి. సముద్రానికి ఎదురుగా కొండ మీద కూర్చున్న భిక్షువులకు ఓడ వర్తకుల దానాలు అందేవన్నమాట. వర్షాకాలపు నివాసాల గదులు ఇటుకల వరుసలుగా కనిపిస్తాయి. చుట్టూ గాలి తప్ప ఏమీ వినిపించదు. బావికొండ అనే ఇంకో బౌద్ధారామం కూడా దగ్గరే ఉంది కానీ పిల్లలతో రెండూ అక్కర్లేదు, ఒకటి చాలు.

మీ అమ్మగారికి సింహాచలం దర్శనం చేయించాలని రాశారు. మూడో రోజు పొద్దునే సామాను సర్దుకుని బయలుదేరి, తొట్లకొండ చూసుకుని, సింహాచలం వెళ్ళి, సాయంత్రం రైలు అందుకోవచ్చు. కొండ మీదికి బస్సులున్నాయి. స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలోనే దర్శనమిస్తాడు. నిజరూపం అక్షయ తృతీయ ఒక్కరోజే. ఆ రోజున, ఆషాఢ పౌర్ణమికి జరిగే 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ రోజున అటు వెళ్ళే ఆలోచన పెట్టుకోకండి, జనంలో ఆవిడ నలిగిపోతారు. మీరు అనుకుంటున్న జనవరిలో ఆ బాధ లేదు.

అమ్మగారి కోసం ఇంకొక్క ఏర్పాటు. మడత కుర్చీ ఒకటి రైల్లో వెంట తీసుకెళ్ళండి. భీమిలి ఒడ్డున కూర్చోవడానికి గట్టులున్నాయి కానీ వాటి మీద తెల్లవారుజామున మంచు తడి ఉంటుంది, పెద్దవాళ్ళకు నడుము పట్టేస్తుంది. మా అమ్మ చివరిసారి వచ్చినప్పుడు వల లాగుతున్నంతసేపూ కుర్చీ వేసుకుని కూర్చుని, రెండు జట్లలో ఏది సరిగ్గా లాగడం లేదో పైకే చెబుతూ ఉంది. వాళ్ళు నవ్వుకుంటూ సర్దుకున్నారు.

తిరుగు ప్రయాణంలో ఎండు నెత్తళ్ళు తెచ్చుకుంటే మూడు కవర్లలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, మూత చుట్టూ టేపు వేయండి. నేనొకసారి ఒకే కవరులో పెట్టి ఏసీ బోగీలో బెర్తు కింద తోశాను. సామర్లకోట దాటేసరికి మా బోగీలో దుప్పటి ముసుగు తీసినవాళ్ళు ఒక్కరూ లేరు.